సునాబేడలో సీమచామంతి పచ్చిక వేయవచ్చునా?

తులసికోట_దారి, సునాబేడ
సెప్టెంబరు 4

సభ్యులందరికీ నమస్కారం. ఒడిశాలోని సునాబేడలో మా ఇంటి వెనుక, వరండా మెట్ల నుంచి తులసికోట వరకు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల స్థలం ఉంది. ప్రస్తుతం అందులో గరిక, తుంగ కలిసి పెరుగుతున్నాయి. మా అమ్మగారికి నీటికాసుల వలన కొన్నేళ్లుగా చూపు బాగా తగ్గింది. అయినా సాయంత్రం దీపం పెట్టడానికి ఎవరి చేయీ పట్టుకోకుండా తులసికోట దాకా వెళ్లిరావాలన్నది ఆమె పట్టుదల. అడుగు పడిన చోటల్లా వాసన లేచే పచ్చిక వేస్తే, దారి తప్పకుండా పాదాలకూ ముక్కుకూ ఆనవాలు దొరుకుతుందని నాకు ఆలోచన వచ్చింది. ఇంగ్లండులో గడ్డికి బదులు చామొమైల్ అనే మొక్కతో పచ్చికలు పెంచుతారని, తొక్కితే ఆపిల్ వాసన వస్తుందని విన్నాను. మనవాళ్లు కొందరు దీన్నే సీమచామంతి అంటున్నారు.

నిరుడు ఆన్‌లైన్‌లో చామొమైల్ విత్తనాల పొట్లం ఒకటి తెప్పించి చల్లాను. మొక్కలు నేల మీద పరుచుకోలేదు. మోకాలి ఎత్తున లేచి, ఫిబ్రవరిలో విరగబూసి, ఏప్రిల్ నెలాఖరుకు వేళ్లతో సహా ఎండిపోయాయి. ఆకు నలిపితే చెప్పుకోదగిన వాసన కూడా రాలేదు. నా పెంపకంలో లోపం ఉన్నదా, లేక మన వాతావరణానికి ఈ మొక్క పనికిరాదా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.


పాతతోట_జయపురం
సెప్టెంబరు 4

బాబూ, లోపం మీ పెంపకంలో లేదు, పొట్లంలో ఉంది. చామొమైల్ అన్న ఒకే పేరుతో రెండు వేర్వేరు మొక్కలు అమ్ముడవుతున్నాయి. మీకు వచ్చినది జర్మన్ చామొమైల్. దాని శాస్త్రీయ నామం మాట్రికేరియా కామోమిల్లా. అది ఏకవార్షికం, అంటే మొలిచి, పూచి, గింజ కట్టి ఒక్క కాలంలోనే బతుకు ముగించుకునే మొక్క. 2 అడుగుల దాకా నిటారుగా పెరుగుతుంది. టీ కోసం పండించేది ఎక్కువగా ఇదే. ఉత్తరప్రదేశ్‌లో రైతులు దీన్ని రబీ పంటగా వేస్తారు. లక్నోలోని సీమ్యాప్ అనే ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ దీని మీద చాలాకాలంగా పనిచేస్తోంది.

పచ్చికకు కావలసినది రోమన్ చామొమైల్, కామేమెలమ్ నోబిలె. అది బహువార్షికం, అంటే ఏళ్ల తరబడి బతికే మొక్క. కాండాలు నేలను కరుచుకుని పాకుతూ, తాకిన చోట వేళ్లు దింపుతూ చాపలా అల్లుకుంటాయి. దాని పూవుకే కాక ఆకుకు కూడా వాసన ఉంటుంది. ఆకుల మీద ఉండే సన్నని గ్రంథులలో తైలం నిలవ ఉంటుంది కనుక, పాదం ఒత్తిడికి అవి చిట్లినప్పుడు వాసన పైకి లేస్తుంది. మీ నిరుటి మొక్కల ఆకుకు వాసన లేకపోవడంలోనే సంగతి తెలిసిపోతోంది.

పూవు చేతిలో ఉంటే ఇంకొక పరీక్ష ఉంది. నడిమి పసుపు బొడిపెను బ్లేడుతో పైనుంచి కాడ వరకు నిలువుగా చీల్చి చూడండి. లోపల చిన్న గుడి గోపురంలా బోలుగా కనిపిస్తే జర్మన్, తెల్లని గుజ్జుతో గట్టిగా ఉంటే రోమన్. నేను కళ్లజోడు పెట్టుకుని, కిటికీ దగ్గర వెలుగులో చీల్చి చూసి ఈ తేడాను స్వయంగా తెలుసుకున్నాను. ఒకసారి చూసినవారు మళ్లీ పొరబడరు.

ఆపిల్ సంగతి మీరు విన్నది నిజమే. గ్రీకు భాషలో ఈ మొక్క పేరుకు నేల ఆపిల్ అని అర్థం. స్పెయిన్‌లో దీన్ని మాంజనీయా, అంటే చిన్న ఆపిల్, అని పిలుస్తారు. మనకు తెలిసిన పోలిక చెప్పాలంటే, పచ్చి ఆపిల్ తొక్కను గోటితో గిల్లినప్పుడు వచ్చే వాసన, దాని వెనుక కొంచెం దవనం ఘాటు.


మడిగట్టు, సెమిలిగుడ
సెప్టెంబరు 5

నేను మీకు పొరుగునే, సెమిలిగుడలో ఉంటాను. రోమన్ చామొమైల్‌ను రెండుసార్లు వేశాను. మొదటిసారి పోగొట్టుకున్నాను, రెండవసారి నిలబెట్టుకున్నాను. ఆ రెండింటికీ మధ్య తేడా ఏమిటో చెబితే మీకు ఒక ఏడాది కలిసివస్తుందని వివరంగా రాస్తున్నాను.

మొదటిసారి ఇంటి ముందు నేలను తవ్వి, కలుపు ఏరి, చదును చేసి నాటాను. మన ఎర్ర నేల పైకి గుల్లగా కనిపించినా జానెడు లోతున బంకగా ఉండి నీటిని పట్టేస్తుందన్న విషయం అప్పుడు నేను ఆలోచించలేదు. చలికాలమంతా మొక్కలు చూడముచ్చటగా ఉన్నాయి. మన కొరాపుట్ పీఠభూమి సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నందున రాత్రిళ్లు చలి గట్టిగానే ఉంటుంది, కొన్ని తెల్లవారుజాముల్లో గడ్డి మీద మంచు గడ్డకడుతుంది. ఆ చలికి ఈ మొక్క చెక్కు చెదరలేదు. ఏప్రిల్, మే ఎండలకు అంచులు కొంత ఎండినా రోజు విడిచి రోజు నీళ్లు పెడితే తట్టుకుంది. పోయింది వానాకాలంలో. ఆగస్టులో ముసురు పట్టి ఎండ ముఖం కనబడని రోజులు వరుసగా వచ్చాయి. చాప నడిభాగం మొదట పసుపురంగుకు, తర్వాత నలుపుకు తిరిగింది. చేయి పెడితే ఆకులు జిగటగా ఊడివచ్చాయి. అడుగున కాండాలు మెత్తబడి ముక్కిన వాసన వేసింది. పది రోజుల్లో అంతా పోయింది. బతికినవల్లా ఇటుక గట్టును ఆనుకుని ఉన్న ఒక్క వరుస మొక్కలు మాత్రమే.

ఆ ఒక్క వరుసే నాకు పాఠం చెప్పింది. గట్టు పక్కన నీరు నిలవకుండా సందుల్లోంచి జారిపోయింది, రెండవ వైపు గాలి తగిలింది. ఈ మొక్క శత్రువు ఎండా కాదు, చలీ కాదు, వేరు దగ్గర నిలిచే నీరు, ఆకుల మధ్య కదలని తేమ. ఇంగ్లండు తోటమాలులు కూడా బంకనేలలో దీన్ని వేయవద్దనే చెబుతారు. అక్కడి వాన సన్నగా ఏడాది పొడవునా పడుతుంది. మన వాన నాలుగు నెలల్లో కుమ్మరిస్తుంది. అందువలన అక్కడివారు తీసుకునే జాగ్రత్తకు మనం రెండింతలు తీసుకోవాలి.

రెండవసారి 5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు మాత్రమే ఉన్న మడిని నేల మట్టానికి 9 అంగుళాల పైకి లేపాను. చుట్టూ ఇటుకలను సున్నం, సిమెంటు లేకుండా ఊరికే పేర్చాను. అడుగున ఇటుక ముక్కలు పరిచి, పైన రెండు పాళ్లు ఎర్రమట్టి, రెండు పాళ్లు ముతక ఏటి ఇసుక, ఒక పాలు జల్లించిన కంపోస్టు కలిపి నింపాను. మడిని ఒక వైపుకు కొద్దిగా వాలుగా చేశాను. పేడ ఎరువు ఎక్కువ వేస్తే మొక్కలు మెత్తగా, పొడవుగా పెరిగి త్వరగా కుళ్లుతాయి కనుక ఆ ఆశకు పోలేదు. మృగశిర కార్తెకు ముందే తోట కత్తెరతో చాపనంతా 2 అంగుళాల ఎత్తుకు కత్తిరించి, కత్తిరించినదంతా ఏరి పారేశాను. ఇంత చేసినా ఆ వానాకాలంలో దాదాపు పావు వంతు పోయింది. మిగిలిన దాని నుంచి వేళ్లున్న పిలకలను అక్టోబరులో విడదీసి ఖాళీలు పూడ్చాను. ఇప్పుడు మూడవ వానాకాలం గడుస్తోంది, మడి బతికే ఉంది. ఏటా అక్టోబరులో పూడ్చుకోవలసిన పని మాత్రం తప్పదు.

కనుక నా మాట ఇది. సునాబేడలో పెరుగుతుంది. 120 చదరపు అడుగులు మాత్రం వేయవద్దు.


మేడమీద_రాయగడ
సెప్టెంబరు 5

నేను రాయగడలో మేడమీద మట్టి తొట్టెలలో రోమన్ చామొమైల్‌ను పెంచాను. నవంబరు నుంచి మార్చి వరకు హాయిగా ఉంది. ఏప్రిల్‌లో గచ్చు వేడికి వారం రోజుల్లో కరకరలాడుతూ ఎండిపోయింది. మీ పీఠభూమికీ మా దిగువ ఊరికీ మధ్య ఘాటీ రోడ్డు ఎంత దూరమో ఉష్ణోగ్రతలోనూ అంత దూరం ఉంది. రాయగడ, గుణుపురం ప్రాంతాలవారు దీన్ని చలికాలపు తొట్టె మొక్కగా తప్ప పచ్చికగా తలపెట్టవద్దని నా సలహా.


మొగలిపొద, బరంపురం
సెప్టెంబరు 6

నాకు ఈ విషయంలో భిన్నాభిప్రాయం ఉంది, చెప్పడానికి అనుమతించండి. మా గంజాం జిల్లాలో మొగలి పూల నుంచి కేవడా తైలం, అత్తరు తీస్తారు. గంజాం కేవడాకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పొలం గట్ల మీద, ఉప్పుగాలిలో, ఎవరూ నాటకపోయినా ఆ పొదలు పెరిగి అంత పరిమళం ఇస్తాయంటే, అది ఈ నేలకూ ఈ తేమకూ సరిపడిన మొక్క కావడమే కారణం. నేలకు సరిపడని మొక్కను ఏటా పావు వంతు పోగొట్టుకుని, ఏటా పూడ్చుకుంటూ ఉండడం కంటే, మన మొక్కలతోనే ఆ అమ్మగారికి దారి ఏర్పరచవచ్చును కదా?

దవనం ఉంది. ఇది చామొమైల్ కుటుంబానికే చెందినది, వాసనలోనూ బంధుత్వం కనిపిస్తుంది. మరువం ఉంది. నేల మీద చాపలా అల్లుకునేది కావాలంటే బొక్కెనాకు ఉంది, కాలువ గట్ల మీద మనందరం చూసినదే. కణుపు కణుపుకూ వేళ్లు దింపుతుంది, తొక్కినా చావదు, వానకు బెదరదు. ఒక మొక్క ఎంత దూరం నుంచి వచ్చిందన్నది దాని విలువ కాకూడదు.


మడిగట్టు, సెమిలిగుడ
సెప్టెంబరు 6

బరంపురం వారి మాటలో న్యాయం ఉంది. సముద్రతీరంలో ఉన్నవారికి నేనూ ఆ సలహానే ఇస్తాను. అయితే ఆ మూడింటిలో ఏదీ ఈ పనిని పూర్తిగా చేయదు. దవనం నాలుగు నెలల పంట, నిటారుగా పెరుగుతుంది, తొక్కితే విరుగుతుంది. మరువం కత్తిరింపుకు లొంగుతుంది గాని అడుగుకు లొంగదు. బొక్కెనాకు అడుగుకు లొంగుతుంది గాని దానికి చెప్పుకోదగిన పరిమళం లేదు. తొక్కగలిగేదీ, తొక్కితే వాసననిచ్చేదీ ఒకే మొక్కలో దొరకడం అరుదు, అందుకే చామొమైల్ కోసం ఇంత శ్రమ పడుతున్నాము.

ఇక్కడ ఒక అపోహను కూడా సరిచేయాలి. చామొమైల్‌ను తొక్కిన కొద్దీ పెరుగుతుందని ఇంగ్లండులో పాత నానుడి ఉంది. తేలికపాటి అడుగు పడితే కాండం నేలకు ఆని కొత్త వేళ్లు దింపుతుందన్నంత వరకు అది నిజం. రోజూ ఒకే చోట పూర్తి బరువు పడితే అది బతకదు. పిల్లలు ఆడుకునే స్థలానికి ఇది గడ్డికి ప్రత్యామ్నాయం కాదు.


పాతతోట_జయపురం
సెప్టెంబరు 7

ఆ నానుడి పుట్టిన కాలాన్ని కూడా గుర్తుంచుకోవాలి. గడ్డి కోసే యంత్రానికి ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన పేటెంటు పొందినది 1830లో. అంతకు ముందు గడ్డి పచ్చికను కొడవళ్లతో కోయించవలసి వచ్చేది, లేదా గొర్రెలను మేపవలసి వచ్చేది. కోత అవసరం తక్కువగా ఉండి, నడిస్తే వాసననిచ్చే చామొమైల్ వారికి అందం కోసమే కాక పని తగ్గించుకోవడానికి కూడా ఉపకరించింది. యంత్రం వచ్చాక గడ్డి గెలిచింది.

పచ్చిక కోసమే పేరుపొందిన రకం ఒకటి ఉంది, దాని పేరు ట్రెనీగ్. కార్న్‌వాల్ ప్రాంతంలో ఆ పేరుగల చోటు నుంచి వచ్చింది. అది పూయదు, 4 అంగుళాలకు మించి ఎదగదు. పూయదు కనుక గింజ కట్టదు, పిలకల ద్వారా మాత్రమే వ్యాప్తి చెందుతుంది. ఈ ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకోండి. ట్రెనీగ్ విత్తనాలు అని ఎవరైనా పొట్లం అమ్మితే అది అబద్ధం, ఎందుకంటే ఆ రకానికి విత్తనమే ఉండదు. ఆ రకం మొక్కలు నాకు మన ప్రాంతపు నర్సరీలలో ఎక్కడా కనబడలేదు. కాబట్టి సాధారణ రోమన్ చామొమైల్ విత్తనమే మనకు దిక్కు. అది పూస్తుంది, వదిలేస్తే అడుగు ఎత్తు దాకా లేస్తుంది. మొగ్గ దశలోనే కత్తిరిస్తూ ఉంటే చాపలా నిలుస్తుంది.


తులసికోట_దారి, సునాబేడ
సెప్టెంబరు 8

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు చదివాక నా ఆలోచన మారింది. మొత్తం స్థలాన్ని కప్పాలన్న కోరిక విడిచిపెడుతున్నాను. మెట్ల నుంచి తులసికోట వరకు రాళ్లు పరిచి, వాటికి రెండు వైపులా మాత్రం చామొమైల్ వేస్తే ఎలా ఉంటుంది? అమ్మ బరువు రాళ్ల మీద పడుతుంది, పాదం అంచు, చీర కుచ్చిళ్లు మొక్కలను ఒరుసుకుంటాయి. అడుగు పక్కకు పడితే వాసన పెరుగుతుంది కనుక ఆమెకు వెంటనే తెలుస్తుంది కూడా.

రెండు సందేహాలు మిగిలాయి. మొదటిది, అమ్మ చాలా కాలం క్రితం పొలానికి వెళ్లే రోజుల్లో వయ్యారిభామ తగిలి మోచేతుల దాకా దద్దుర్లతో బాధపడ్డారు. ఆమెకు ఇది పడుతుందా? రెండవది, పూలు వస్తే టీకి వాడుకోవచ్చునా? ఇంటర్నెట్‌లో చామంతి టీ అని కొందరు పూజకు వాడే చామంతులనే ఎండబెట్టి చూపిస్తున్నారు.


మందుల_అర, పర్లాకిమిడి
సెప్టెంబరు 9

నేను పర్లాకిమిడిలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. మీరు ఆ మొదటి ప్రశ్న అడగడం చాలా మంచిదైంది, ఎందుకంటే ఈ చర్చలో ఇంతవరకు దాని ప్రస్తావన రాలేదు.

వయ్యారిభామ, చామంతి, బంతి, దవనం, మాచిపత్రి, చామొమైల్, ఇవన్నీ ఒకే కుటుంబపు మొక్కలు. వీటిలో ఒకదానికి ఒళ్లు ప్రతిస్పందించినవారికి మరొకటి కూడా పడకపోయే అవకాశం ఉంది. తప్పనిసరిగా పడదని కాదు, పడుతుందన్న హామీ కూడా లేదు. అమ్మగారు ఇప్పుడు బంతి, చామంతి దండలు కడుతూ ఉంటే, దవనం తలలో పెట్టుకుంటూ ఉంటే, వాటి వలన దురద వస్తోందేమో ముందుగా అడిగి తెలుసుకోండి. తర్వాత చర్మ వైద్యుని సలహా తీసుకుని, ఆపైనే మొక్కలు నాటండి. చూపు తక్కువగా ఉన్నవారికి పాదాల మీద దద్దు వస్తే మొదట్లో కనబడదు కనుక ఇంట్లో మరొకరు గమనిస్తూ ఉండాలి. టీ తాగడం ఇంకా జాగ్రత్తగా ఆలోచించవలసిన విషయం. ఈ కుటుంబపు మొక్కలంటే అలర్జీ ఉన్నవారిలో చామొమైల్ టీ తాగాక తీవ్ర ప్రతిస్పందన వచ్చిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ వంటి మందులు వాడేవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా తాగకూడదు.

చామంతి, చామొమైల్ ఒకటి కావు. పూజ చామంతులు, ముఖ్యంగా బజారులో కొన్నవి, పురుగుమందు చల్లిన పూలు కావచ్చును. వాటిని ఎండబెట్టి చామొమైల్ అనుకుని తాగవద్దు. నిజమైన చామొమైల్‌లో కూడా టీకి జర్మన్ రకం మృదువుగా ఉంటుంది, రోమన్ రకం చేదు. మీ ఇంట్లో మిగిలినవారికి టీ కావాలంటే మీ పాత పొట్లంలోని విత్తనాలను వేరే తొట్టెలో చల్లుకోండి. పూరేకులు పూర్తిగా విచ్చుకున్నాక ఉదయం మంచు ఆరిన తర్వాత కోసి, నీడలో పలుచగా ఆరబెట్టండి. మరిగిన నీళ్లు పోసి 5 నుంచి 10 నిమిషాల పాటు మూత పెట్టి ఉంచాలి. మూత లేకపోతే మనకు కావలసిన తైలం ఆవిరితో పోతుంది. ఒక వింత విషయం చెబుతాను. జర్మన్ చామొమైల్ నుంచి ఆవిరి పట్టి తీసిన తైలం సిరా వంటి నీలిరంగులో ఉంటుంది. పూవులో ఆ నీలం ఉండదు, మాట్రిసిన్ అనే పదార్థం వేడికి మారి చామజులీన్‌గా ఏర్పడినప్పుడు ఆ రంగు పుడుతుంది.


ప్రాణహిత_ఒడ్డు, సిరొంచ
సెప్టెంబరు 9

మేము మహారాష్ట్ర వైపు సిరొంచలో ఉన్న తెలుగువాళ్లం. మా వేసవిలో ఈ మొక్క నిలువదని ఈ చర్చ చదివాక రూఢి అయింది. మేము పెరటి గట్టుకు వట్టివేరు వేశాము, తడిపినప్పుడు దాని వేరు ఇచ్చే వాసనతో తృప్తి పడుతున్నాము. మీ దారి కోసం ఒక సూచన. పూసే రకం అయితే తేనెటీగలు వస్తాయి. అమ్మగారు చెప్పులు లేకుండా నడుస్తారు కనుక దారి పక్క మొక్కలను పూయనివ్వకండి.


మడిగట్టు, సెమిలిగుడ
సెప్టెంబరు 10

తేనెటీగల మాట చాలా విలువైనది. నా మడిలో ఫిబ్రవరి ఉదయాలు వాటి రొదతోనే మొదలవుతాయి. రాళ్ల దారి ఆలోచన నాకు బాగా నచ్చింది. ఇంగ్లండులో కెంట్ ప్రాంతంలోని సిస్సింగ్‌హర్స్ట్ తోటలో చామొమైల్‌ను పచ్చికగా కాక ఒక రాతి ఆసనం మీద పెంచిన సంగతి ప్రసిద్ధం. చిన్న చోటులో, ఒంటికి దగ్గరగా ఉన్నప్పుడే దాని పరిమళం పూర్తిగా అందుతుందని నేనూ నమ్ముతాను.

లెక్క చూద్దాము. 6 అంగుళాల ఎడంతో, అంటే రెండు బెత్తెల దూరంలో, నాటితే చదరపు అడుగుకు 4 మొక్కలు పడతాయి. మీ మొదటి ఆలోచన ప్రకారం 480 మొక్కలు కావలసి వచ్చేది. ఇప్పుడు 12 అడుగుల దారికి రెండు వైపులా ఒక్కొక్క వరుస చొప్పున 48 మొక్కలు చాలు. 60 పెంచుకోండి, కొన్ని పోతాయి.

విత్తనం పిండి వంటిది. సెప్టెంబరు చివర, వాన తగ్గుముఖం పట్టాక, కొబ్బరి పీచు పొట్టు, ఇసుక కలిపిన పళ్లెంలో పైపైన చల్లి అరచేతితో అదమండి. మట్టి కప్పవద్దు, దానికి మొలవడానికి వెలుతురు కావాలి. నీరు పోయకుండా పిచికారీ చేయండి. రెండు వారాల్లో పచ్చని నూగు కనబడుతుంది. నవంబరు మూడవ వారానికి నాటడానికి సిద్ధమవుతాయి. ఈలోపు దారి పని పూర్తి చేసుకోండి. రాళ్లను చుట్టూ నేలకంటే పైకి లేపి, వాటి పక్కన మట్టిని కూడా 6 అంగుళాలైనా ఎత్తు చేసి, బయటి వైపు వాలు ఇవ్వండి. అమ్మగారి కాలికి తగిలే మెట్టు ఏర్పడకుండా రాళ్లన్నీ ఒకే మట్టంలో, కదలకుండా ఉండాలి. ఈ విషయంలో మాత్రం తొందరపడవద్దు.

ఇంగ్లండు పద్ధతిలో రోజంతా ఎండ కావాలంటారు. మనకు ఉదయం ఎండ పూర్తిగా తగిలి, వేసవిలో మధ్యాహ్నం తర్వాత గోడ నీడ పడితే మంచిది. నాటిన తర్వాత 12 వారాల పాటు వాటి మీద అడుగు పెట్టవద్దు.


పాతతోట_జయపురం
సెప్టెంబరు 10

కలుపు సంగతి ఎవరూ చెప్పలేదు. ఈ పచ్చికలో అసలు పని అదే. మీ స్థలంలో తుంగ ఉందన్నారు. తుంగగడ్డ ఒక్కటి మిగిలినా చామొమైల్ చాపను సూదిలా పొడుచుకుని పైకి వస్తుంది, అప్పుడు లాగితే పక్క మొక్క వేరు కూడా లేచిపోతుంది. కనుక దారి వెంబడి అడుగు లోతున తవ్వి, మట్టిని జల్లెడ పట్టి, గడ్డలను ఒక్కొక్కటిగా ఏరండి. రెండు వారాలు ఆగి, మొలిచినవాటిని మళ్లీ ఏరండి. గడ్డి పచ్చికల్లో వాడే 2,4-డి వంటి కలుపు మందు వెడల్పాకు మొక్కలను చంపి గడ్డిని వదిలేస్తుంది. ఇక్కడ మనం పెంచేదే వెడల్పాకు తరగతి మొక్క, కాబట్టి ఆ మందు చల్లితే గరిక మిగిలి చామొమైల్ పోతుంది. చేతి వేళ్లు, బొరిగె, ఇవి రెండే సాధనాలు. మొదటి ఏడాది వారానికి ఒకసారి తప్పదు.


తులసికోట_దారి, సునాబేడ
మార్చి 2

ఇన్నాళ్లు రాయనందుకు మన్నించాలి. నాటాక ఫలితం చూసి రాయాలని ఆగాను.

చర్మ వైద్యునికి చూపించాము. ఆయన సలహాతో ముందుగా ఒక తొట్టెలో మొక్కను పెంచి, అమ్మ మోచేతి లోపలి వైపు ఆకు తగిలించి రెండు రోజులు గమనించాము. దద్దు రాలేదు. టీ మాత్రం ఆమెకు వద్దన్నారు, ఇవ్వడం లేదు. తుంగ ఏరడానికే అక్టోబరు అంతా పట్టింది. బకెట్టు నిండా గడ్డలు వచ్చాయి. నవంబరు 23న 48 మొక్కలు నాటాము. ఇప్పుడు 45 ఉన్నాయి. ఒక్కొక్కటి అరచేతి వెడల్పున పరుచుకుని పక్కదాన్ని అందుకుంటోంది. మొగ్గలను వారం వారం గిల్లుతున్నాము.

మొదట్లో అమ్మకు వాసన అందలేదు. ఫిబ్రవరి మొదటి వారంలో ఒక సాయంత్రం, పగలంతా ఎండ కాసి నేను కాస్త నీళ్లు చిలకరించిన తర్వాత, దీపం పెట్టి తిరిగి వస్తూ మధ్యలో నిలబడి, ఇది జాతరలో అమ్మే దవనంలా ఉంది గాని ఇంకొంచెం తీపిగా ఉందని అన్నారు. ఆ తర్వాత రోజూ చీర అంచును మొక్కలకు ఆనిస్తూ నడుస్తున్నారు.

నిన్న ఆమె ఒక మాట చెప్పారు. కోటకు వెళ్లేటప్పుడు ఎడమ వైపు, నాలుగవ రాయి దగ్గర వాసన తెగిపోతోందట. నేను టార్చి పట్టుకుని చూశాను. చనిపోయిన మూడు మొక్కలలో రెండు అక్కడివే, పక్కపక్కనే ఉన్నాయి. నేను రోజూ చూస్తూ కూడా ఆ ఖాళీని పట్టించుకోలేదు. ఇప్పుడు పూడ్చవచ్చునా, అక్టోబరు దాకా ఆగాలా?


మడిగట్టు, సెమిలిగుడ
మార్చి 2

ఆగవద్దు. ఇప్పుడు పూడిస్తే ఎండలు ముదిరేలోగా వేరు పట్టడానికి నెల రోజులు దొరుకుతాయి. ముందు ఆ రెండు మొక్కలు ఎందుకు పోయాయో చూడండి. నాలుగవ రాయి పక్కన మట్టి కుంగి నీరు నిలుస్తూ ఉంటే ఇసుక వేసి ఎత్తు చేయండి. తర్వాత బలంగా ఉన్న మొక్క అంచున, నేలను తాకి తెల్లని వేళ్లు దింపిన కాండాన్ని వెతికి, మట్టితో సహా నాలుగు వేళ్ల వెడల్పున కోసి తీసి, సాయంత్రం పూట నాటండి. పది రోజుల పాటు మధ్యాహ్నం వేళ దాని మీద ఒక తడి గోనె ముక్కను కర్రపుల్లల మీద ఎత్తి కప్పండి, ఆకుకు తగలకూడదు. అమ్మగారిని ఆ పది రోజులు కుడి అంచుగా నడవమని చెప్పండి.